జేజితో గండికోటకు



సెలవులు ఇచ్చిన మొదటి రోజే మీ ఇంట్లో కూడా "ఈసారి యాడికి పోదాం?" అనే మాట వినపడే ఉంటుంది. ఏడో తరగతి చదివే మా అబ్బాయి మాత్రం అడగలేదు, ఏకంగా చెప్పేశాడు. "పడవలో పోదామమ్మా. కాలువలో పడవ. దాంట్లోనే వంట, దాంట్లోనే నిద్ర. పోయి పోయి ఒక కోట దగ్గర దిగాలి."

వీడియోలో చూశాడట. ఇంగ్లండులో చెస్టర్ అనే ఊరు. ఊరి చుట్టూ పాతకాలపు రాతిగోడ, ఒకవైపు ఆ గోడ కిందనే కాలువ, కాలువలో సన్నగా పొడుగ్గా ఉండే పడవలు. కుటుంబాలు ఆ పడవలను అద్దెకు తీసుకొని, తామే నడుపుకుంటూ, మనిషి నడిచినంత నిదానంగా పోతాయి. "మనకు కె.సి. కెనాల్ ఉంది కదా, దాంట్లో పడవలు ఎందుకు లేవు?" అన్నాడు.

నేను నవ్వేశాను. తర్వాత చదివితే తెలిసింది, నవ్వాల్సిన ప్రశ్న కాదని. సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల ఆ కాలువను 1860లలో ఒక కంపెనీ తవ్వించింది సాగునీటి కోసమే కాదు, పడవల రాకపోకల కోసం కూడా. లాకులు సైతం కట్టారు. పడవల మీద, నీటి తీరువా మీద అనుకున్నంత రాబడి రాక, చివరికి 1882లో కాలువను ప్రభుత్వం తీసుకుంది. మనం రోజూ బండి మీద దాటిపోయే కాలువ అది. వాడు అడిగేదాకా నాకు ఈ సంగతి తెలియదు.

సరే, కాలువలో పడవ లేదు. కానీ పడవా ఉంది, కోటా ఉంది, రెండూ ఒకే చోట ఉన్నాయి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గంట ప్రయాణం. "గండికోటకు పోదాం" అన్నాను. పిల్లవాడు ఎగిరి గంతేశాడు. మా అత్తమ్మ మాత్రం తింటున్న పళ్లెం పక్కన పెట్టి లేచిపోయింది.

మా అత్తమ్మది తాళ్లప్రొద్దుటూరు. గండికోట జలాశయం నింపినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. 2020లో నీళ్లు పెరుగుతుంటే ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చింది. అప్పుడు మేము ఆమెకు వేరే గది ఇచ్చాం, టీవీ పెట్టించాం, మందులు వేళకు ఇస్తున్నాం. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా కూర్చోబెట్టి "అత్తా, మీ ఊరు ఎట్లుండేది?" అని అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను దాన్ని మరిచిపోవడం అనుకున్నాను.

"నేను రానమ్మా. ఆ నీళ్లు చూసేకి నాకు చేతకాదు" అంది ఆ రాత్రి.

నేనేమీ అనలేకపోయాను. మా అబ్బాయే పోయి పక్కన కూర్చుని, "జేజీ, నువ్వు రాకుంటే మీ ఇల్లు యాడుండేదో నాకు ఎవరు చూపిస్తారు?" అన్నాడు. ఆమె చాలాసేపు పలకలేదు. తెల్లారి చూస్తే అందరికంటే ముందు తయారై అరుగు మీద కూర్చుని ఉంది.

జలాశయం దగ్గర బోటు ఎక్కాం. చీర మీద లైఫ్ జాకెట్ తొడిగితే ఆమెకే నవ్వొచ్చింది. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, ఎక్కడ అయిపోతాయో తెలియనంత విశాలంగా ఉన్నాయి. బోటు నడిపే అబ్బాయి మాటల్లో "ఏ ఊరు పెద్దమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను కాసేపు మాట్లాడలేదు. "అంత దూరం బోటు పోదు పెద్దమ్మా" అని, బోటు ముక్కును ఆ దిక్కుకు తిప్పి ఇంజన్ ఆపేశాడు.

అప్పుడు మొదలుపెట్టింది మా అత్తమ్మ. "అదో, ఆ కొండ చూసుకో నాయనా. దానికి ఇవతల మా ఊరు. బడి, బడి ముందర చింతమాను. చింతమాను దాటినాక మూడో ఇల్లు మనది. వాకిలి తలుపులు, కిటికీలు పీకి ట్రాక్టర్లో వేసుకొస్తిమి. రోలు మాత్రం రాలేదు. నేలలో పాతిన రోలు."

"ఆ రోలు ఇప్పుడు కూడా ఉంటుందా జేజీ?"

"రాయికి ఏమైతాది? అట్లే ఉంటాది."

ఎవరమూ ఫోన్ తీయలేదు. తీయాలనిపించలేదు.

ఒడ్డుకు వచ్చాక వాడు అడిగాడు, ఈ నీళ్లు ఎవరికోసమని. మీ పిల్లలూ అడగొచ్చు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఇవి ఎక్కువగా కృష్ణా నీళ్లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా బయలుదేరి, గాలేరు నగరి కాలువలో గోరకల్లు, అవుకు జలాశయాలు దాటి, కొండలో తవ్విన సొరంగాల గుండా ఇక్కడికి చేరతాయి. జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. ఇక్కడి నుంచి ఎత్తిపోసిన నీళ్లు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి పులివెందుల వైపుకు పోతాయి. అత్తమ్మ అంతా విని, "పోనీలే, పంటలు పండనీ. ఆడ ఒక ఊరు ఉండేదని మాత్రం మీకు తెలిసుండాల" అంది.

అక్కడి నుంచి కోటకు పోయాం. ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపులు, ఎర్రరాతి గోడలు, పావురాల గోపురం. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి. జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రాన్సు నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇక్కడే ఆయనను కలిశాడు. కోట వెనక పెన్నా నది కొండను చీల్చుకుంటూ 300 అడుగుల లోతున పారుతుంది. ఆ గండి పక్కన కట్టారు కాబట్టే గండికోట.

"ఇంత పెద్ద కోట వాళ్లు కూడా ఖాళీ చేసి పోయారా జేజీ?" అన్నాడు మావాడు. "అందరూ పోలేదు, చూడు" అని ఆమె కోట లోపల ఉన్న ఊరిని చూపించింది. ఒక ఇంటి ముందర ఎవరో బియ్యం చెరుగుతున్నారు. అత్తమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది. అరగంట దాకా లేవలేదు.

మీరు పోయేటట్టయితే కొన్ని మాటలు. వానాకాలం అయ్యాక చలికాలంలో పోతే నీళ్లూ బాగుంటాయి, ఎండా తక్కువ. గాలి ఎక్కువున్నా, నీళ్లు తగ్గినా బోటు నడవకపోవచ్చు, ముందుగా కనుక్కోండి. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లలను ఎక్కించొద్దు. గండి అంచున బండలు మాత్రమే ఉంటాయి, అడ్డు ఉండదు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు, సెల్ఫీ కోసం అసలే వదలొద్దు. గోడల మీద పేర్లు రాయనివ్వొద్దు. తాగేనీళ్లు, టోపీలు తీసుకుపోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, మెట్లు ఎక్కలేరని వదిలేసి పోకండి. మీ బంధువుల్లోనూ ఎవరిదో ఒకరి ఊరు ఆ నీళ్ల కింద ఉండే ఉంటుంది.

బడి తెరిచాక "నా సెలవులు" అని వ్యాసం రాయమన్నారట. వాడు వ్యాసంతో పాటు ఒక పటం కూడా గీశాడు. జేజి పక్కన కూర్చుని చెబుతుంటే, రబ్బరుతో చెరిపి చెరిపి గీశాడు. కొండ, బడి, చింతమాను, మూడో ఇల్లు. ఇంటి వెనక చిన్న సున్నా చుట్టి "రోలు" అని రాశాడు. ఇప్పుడు ఆ పటం వాడి చదువుకునే బల్ల ముందు, యూనిట్ టెస్టుల టైం టేబుల్ పక్కనే అతికించి ఉంది. మొన్న అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకొని దాన్ని చూసి, "బావి మరిచిపోయినావు రా" అంది. వాడు పెన్సిల్ తీసుకొచ్చాడు.