పదకొండు ఎర్ర పూసలు

పోస్ట్ కొంచెం పెద్దగుంటది. పరీక్షలు అయిపోయినయి కాబట్టి తీరిగ్గా చదవండి.

ముందు 'మేము' అంటే ఎవరో చెప్తాం. హాస్టల్లో ఒకే రూంలో మూడేళ్ళు ఉన్న ఐదుగురం. ముగ్గురం గోదావరి ఇవతలి ఏజెన్సీలో ఒకే ఊరోళ్ళం, కోయలం. ఒకడు ఆసిఫాబాద్ వైపు గోండు పిలగాడు. ఇంకొకడు తండా నుంచి వచ్చినోడు. కింద చెప్పే పూసల కథ నిజానికి ముగ్గురిదే. కానీ మా రూంలో ఒకడు చేసిన తప్పు అందరి లెక్కలో పడుతది, అది మొదటి నుంచి ఉన్న అలవాటు.

మేము ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. ఊరి పక్క గుట్ట మీద రాకాసి గుళ్ళున్నయి. దామరవాయి దగ్గర ఉన్నవాటిని చాలామంది చూసే ఉంటరు, అసొంటివే. చుట్టూ బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పినట్టు ఉంటయి. లోపల రాతి తొట్టె. రెండు మూడు వేల ఏళ్ళ కిందటి సమాధులవి. మాకు అప్పుడు ఇదేం తెల్వదు. రాక్షసులు కట్టిన్రని పెద్దోళ్ళు చెప్తే అదే నమ్మినం. మేకలు కాసేటప్పుడు వానొస్తే అందులోనే దూరేటోళ్ళం.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డయి. ఒక గుడి పక్క మట్టి కొట్టుకపోయి, లోపలి నుంచి ఎర్రగా ఏదో కనబడ్డది. పుల్లతో గెలికినం. పూసలు. గెలికిన కొద్దీ వచ్చినయి. మొత్తం పదకొండు. కొన్ని గుండ్రంగా, రెండు మాత్రం పీపాల్లెక్క పొడుగు. ఒకదాని మీద తెల్ల గీతలు. ఎండకు పెట్టి చూస్తే లోపల నిప్పు ఉన్నట్టు ఉండేది. చేపల గాలం దారానికి గుచ్చి వంతుల వారీగా మెడలో ఏసుకున్నం.

పదిహేను రోజులకు పాత ఇత్తడి, పాత నాణేలు కొనే మనిషి బండి మీద వచ్చిండు. మా మెడలో చూసి బండి ఆపిండు. నూట యాభై ఇచ్చిండు, మనిషికి యాభై. సంతలో మిర్చి బజ్జీలు తిన్నం, మిగిలిన పైసలతో బంతి కొన్నం. ఆ బంతి వారం కూడా ఆగలే.

డిగ్రీ రెండో ఏడులో హిస్టరీ సార్ మమ్మల్ని సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తీసుకుపోయారు. శాతవాహనుల కాలం నాటి పట్టణం అది. ఊరోళ్ళు ఆ దిబ్బను కోటగడ్డ అంటరు. 1940ల్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు చేసింది. పక్కనే మ్యూజియం ఉంది. నాణేలు, మట్టి బొమ్మలు, శంఖంతో చేసిన గాజులు, ఇంకా పూసలు. గాజు పూసలు, స్ఫటికం పూసలు, మట్టి పూసలు. ఒక అద్దాల పెట్టె దగ్గర మేము ముగ్గురం ఆగిపోయినం. అవే ఎర్ర పూసలు. కార్నీలియన్ అంటారని అప్పుడు తెలిసింది. మొఖాలు చూసుకున్నం, ఎవరం మాట్లాడలే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సార్‌కు చెప్పినం. తిడతారనుకున్నం. తిట్టలే, అడిగారు. "ఎక్కడ పడి ఉన్నయి, తొట్టె లోపలా బయటా? ఒకే వరుసలో ఉన్నయా? పక్కన ఎముకలున్నయా, కుండలున్నయా? మెడ దగ్గరివా, చేతికి కట్టినవా?" ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినోళ్ళు లోకంలో మేము ముగ్గురమే. మాకే గుర్తు లేదు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆ పూసల గురించి చదవడం మొదలుపెట్టినం. మామూలు అకీకు రాయిని కాలిస్తే దాని రంగు ఎర్రగా తేలుతది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఇప్పటికీ ఈ పని చేసే కుటుంబాలున్నయి. తెల్ల గీతలు రంగు పూసినవి కావు. క్షారం కలిపిన ద్రవంతో గీసి కాలిస్తే రాయిలోకే దిగుతయి. సింధు నాగరికత కాలంలో పొడుగు పూస ఒక్కదానికి సన్నటి రాతి ములుకుతో బెజ్జం వేయడానికి రోజులు పట్టేది. ఆ కాలపు పూసలు ఇరాక్‌లోని ఉర్ నగరం రాజ సమాధుల్లో కూడా దొరికినయి. అంత దూరం పోయినయంటే ఎంత ఇష్టపడి కొనుక్కున్నరో చూడండి. మేము అసొంటి వాటిని బంతి కోసం ఇచ్చినం.

ఇంకో సంగతి చదివి రాత్రంతా మాట్లాడుకున్నం. మొహెంజొదారోలో దొరికిన కార్నీలియన్ వడ్డాణం ఒకటుంది. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు మ్యూజియం వస్తువులను కూడా పంచుకున్నరు. ఆ వడ్డాణాన్ని విడదీసి సగం పూసలు ఇటు, సగం అటు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టే. మా తండా దోస్తు ఒక మాటన్నడు: "అంత కోపంల కూడా ఏ పూస ఎటు పోయిందో రాసి పెట్టుకున్నరు చూడు. మీ పదకొండు ఏడున్నయో బండాయనకు కూడా తెల్వదు."

మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ అందరూ పుస్తకంలో చూసిందే. 1926లో దొరికింది, పది సెంటీమీటర్ల చిల్లర ఎత్తు. ఎడమ చెయ్యి మొత్తం భుజం దాకా గాజులే. ఆ ఫొటో చూసినప్పుడు మా దోస్తు "మా అమ్మమ్మ బలియాలు గిట్లనే ఉంటయి" అన్నడు. ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసేటోళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్. గోండు దోస్తు ఇంకోటి అన్నడు. వాళ్ళ దిక్కు ఉషేగాంలో ఓజాలు ఇత్తడి బొమ్మలు పోస్తరు, మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, మైనం కరిగించి. 2018లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ నాట్యకత్తెను పోసింది కూడా మైనం పద్ధతిలోనే. నిజమే, పోలిక ఉంది. కానీ ఒక మాట. పోలిక కనబడంగనే "సింధు నాగరికత మనదే" అని మన గ్రూపుల్లోనే రోజుకొక పోస్ట్ వస్తది. మేము అట్ల రాయం. నాలుగు వేల ఏళ్ళ మధ్యలో ఏం జరిగిందో తెల్వకుండా గాజులు చూసి చుట్టరికం కలపలేం.

ఇంకొక నగ మాకు ఫోన్లో దొరికింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి నగలున్నయి. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటివి, ఆంధ్ర ప్రాంతానివి. ఆవగింజ కంటే చిన్న బంగారు రవ్వలు అతికి, ఏనుగును, రెక్కల సింహాన్ని చేసిన్రు. 1981లో ఒక సేకరణదారు వాటిని మ్యూజియంకు ఇచ్చిండు. రాజుల ఇంటి నగలని పేరు పెట్టిన్రు. ఏ ఊర్లో దొరికినయి, ఎవరు తీసిన్రు, ఎవరి చెవికున్నయి, అదేం లేదు. మా పూసల లెక్కనే. కాకపోతే అవి అద్దాల పెట్టెలో ఉన్నయి.

సెలవుల్లో ఆ ఫొటో మా నాయినమ్మకు చూపించినం. ముగ్గురిలో ఎవరి నాయినమ్మ అని అడగకండి, అందరికీ నాయినమ్మనే. ఆమె చెవి తమ్మెలు సాగి కిందికి వేలాడుతుంటయి. ఫోన్ దగ్గరికి పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇది పెద్ద బరువు బిడ్డా. కుట్టించుకోంగనే పెట్టలేరు. చెవిని పెంచాలె."

"ఎట్ల పెంచుతరు?"

"తాటాకు చుట్ట పెడతరు. తెల్లారి ఇంకో చుట్టు ఎక్కువ. ఆకు విచ్చుకుంట బెజ్జాన్ని పెద్ద చేస్తది. మా అమ్మ నాకు గట్లనే చేసింది. జొరమొచ్చింది అప్పుడు."

తాటాకును కమ్మ అంటరు, చెవికి పెట్టేదాన్నీ కమ్మ అనే అంటరు. రోజూ అనే మాటే, ఆమె చెప్పేదాకా మాకు తట్టలే. అమరావతి శిల్పాల్లో చెవులు భుజాల దాకా ఎందుకు సాగి ఉంటయో కూడా ఆమె చెప్పినాకనే అర్థమైంది. ఇంత చెప్పిన నాయినమ్మ చెవికి ఇప్పుడున్నది చీపురు పుల్ల.

ఆమెకు వెండి కంటె ఒకటుండేది. వాళ్ళ అత్త పెట్టింది, ఆ అత్తకు వాళ్ళత్త. మాలో ఒకడికి కాలేజీ సీటొచ్చినప్పుడు స్కాలర్‌షిప్ పడలే, హాస్టల్ డిపాజిట్ కట్టాలె. నాయినమ్మ ఎవరికీ చెప్పకుండా మండలం పోయి కంటె అమ్మింది. దుకాణంలో తూకం వేసి, పాత వెండి అని తరుగు తీసి, ఇచ్చిన్రు. సాయంత్రానికి కరిగించే ఉంటరు. ఆ కంటె మీద పాము తల చెక్కి ఉండేదని ఒకడంటడు, కాదు పువ్వు అని ఇంకొకడంటడు. చిన్నాయన పెళ్ళి ఫొటోలో సగం కనబడుతది, మిగతా సగం మీద తువ్వాల ఉంది. నాయినమ్మను అడిగితే "పోయిందాన్ని ఏం యాది చేస్తవు, చదువు రా" అంటది.

అప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నం. పాత నగలను పోగు చేసేటోళ్ళు చాలామంది ఉన్నరు. కొనేటోళ్ళున్నరు, 'ట్రైబల్ యాంటిక్' అని ఫోన్లో అమ్మేటోళ్ళున్నరు. మా దగ్గర కొనడానికి పైసలు లేవు, కొనాలనీ లేదు. నగ ఎవరిదో వాళ్ళ దగ్గరనే ఉంటది. మేము రాసుకునేది ఇవి: నగ పేరు వాళ్ళ భాషలో, ఎవరు పెట్టిన్రు, ఎప్పుడు ఏస్తరు, ఎప్పుడు తీస్తరు, ఎవరు చేసిన్రు, ఎట్ల ఏసుకుంటరు.

మొదటి ఊర్లోనే దెబ్బ తిన్నం. ఒక పెద్దమ్మ దగ్గర కూసోని, కడియాలు చూసి, మావోడు ఒకడు "ఎన్ని తులాలు ఉంటయి పెద్దమ్మా?" అన్నడు. ఆమె కాళ్ళ మీదికి చీర లాక్కుంది. "మీరు గూడ తూకమేసేటోళ్ళేనా?" అన్నది. ఆ రోజు ఇంకెవరూ మాట్లాడలే. నెల తర్వాత నోట్‌బుక్ సంచిలోనే పెట్టి మళ్ళీ పోయినం, ఆమెతో ఇప్పపువ్వు ఏరినం. ఏరుకుంట ఆమెనే చెప్పింది, ఆ కడియాలు బిడ్డకు జొరమొస్తే ఒకసారి, మొగడు జైల్లో ఉంటే ఒకసారి తాకట్టు పోయి తిరిగొచ్చినయని. బరువు ఎంతో ఇప్పటికీ మాకు తెల్వదు. ఇప్పటి దాకా మూడు ఊర్లు, ఒక తండా, నలభై మూడు నగలు అయినయి. తండాలో ఘుగ్రి, టోప్లీ, హాస్లీ గురించి రాసే పని పూర్తిగా మా దోస్తు అమ్మమ్మనే నడిపిస్తుంది. మేము తప్పు పలికితే పేజీ కొట్టేయిస్తది.

మీ ఊర్లలో ఇట్ల రాయాలనుకుంటే రెండు విషయాలు. ఇంట్లో తరతరాలుగా వచ్చిన నగ మీదే, దాచుకోవడం తప్పు కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువును దేశం బయటికి పంపడం, లైసెన్స్ లేకుండా అసొంటివాటి వ్యాపారం చేయడం నేరం. మట్టిలో దొరికింది వేరే సంగతి. పది రూపాయల కంటే ఎక్కువ విలువ చేసేదేదైనా కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నుంచే చట్టం ఉంది. ఏడో తరగతిలో మాకు ఎవరూ చెప్పలే. రెండోది, రాకాసి గుళ్ళ దగ్గర సెల్ఫీలు దిగినా లొకేషన్ మాత్రం పెట్టకండి. బండి మీద తిరిగేటోళ్ళకు ఇప్పుడు ఫోన్లున్నయి.

మొన్న ఎండకాలం మేము ఐదుగురం ఆ గుట్టకు పోయినం. మేము గెలికిన గుడి పైబండ లేదు. కింద వాగు మీద మోరీకి ఏసిన్రు, దాని మీదనే నడిచి పోయినం. తొట్టె పగిలింది, అందులో తునికి మొక్క మొలిచింది. చాలాసేపు కూసున్నం. ఒకడు తొట్టెకు తూర్పు దిక్కు అన్నడు, ఇంకొకడు కాదు, కాళ్ళ దిక్కు అన్నడు. తేలలే. నోట్‌బుక్‌లో నలభై నాలుగో పేజీ తీసి అక్కడనే రాసినం.

పేరు: ఎర్ర పూసలు, పదకొండు. రెండు పొడుగు, ఒకదాని మీద తెల్ల గీతలు.
ఎవరివి: తెల్వదు.
ఎక్కడ: ఈ తొట్టె దగ్గర, తూర్పుకో పడమరకో.
ఎవరు తీసిన్రు: మేము. కింద మా ముగ్గురి సంతకాలు.
ఇప్పుడు ఎక్కడున్నయి:

ఆ చివరి గీత ఖాళీగనే ఉంది.