ఇరుగుపొరుగుకు పెద్దన్న

తేదీలో రోజు ముందు, నెల తర్వాత రాసే భారతీయులు 2001 సెప్టెంబర్ 11 దాడుల్ని మాత్రం అమెరికా పద్ధతిలో '9/11' అనే అంటారు. ఇక్కడి లెక్కన అది నవంబర్ 9. వెబ్ చిరునామా చివర ఒట్టి 'డాట్ గవ్' ఉంటే అది అమెరికా ప్రభుత్వాలదే. భారత ప్రభుత్వం 'డాట్ ఇన్' తగిలించుకోవాల్సిందే. నెట్‌లో అమెరికా చూపే లోకం చూపుగా చలామణీ అవుతోందన్న ఫిర్యాదు ఇక్కడ పాతదే.

కానీ సరిహద్దు దాటితే అదే ఫిర్యాదు భారత్ మీద వినిపిస్తుంది.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌ను భూకంపం కుదిపేసింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. భారత సహాయక బృందాలు గంటల వ్యవధిలోనే చేరుకున్నాయి. ఆ వెంటే టీవీ కెమెరాలూ వెళ్లాయి. శిథిలాల పక్కన ఏడుస్తున్నవారి ముందు మైకులు పెట్టాయి. నేపాల్ విషాదం కాస్తా భారత సాయం కథగా మారింది. మే మొదటి వారానికల్లా 'గో హోమ్ ఇండియన్ మీడియా' అన్న నినాదం ట్విట్టర్‌లో మార్మోగింది. నేపాలీలు వద్దన్నది సాయాన్ని కాదు, తమ కథను వేరొకరు సొంతం చేసుకోవడాన్ని.

1971 సంగతీ అంతే. భారతీయులు చెప్పుకునేది డిసెంబర్ 3న మొదలై 13 రోజుల్లో ముగిసిన పాకిస్థాన్ యుద్ధం గురించి. బంగ్లాదేశ్‌కు అది మార్చి 26న మొదలై తొమ్మిది నెలలు సాగిన విమోచన యుద్ధం. డిసెంబర్ 16ను రెండు దేశాలూ విజయ దినమే అంటాయి. ఎవరి విజయమన్నదే తేడా. 2024లో ఆ రోజున భారత ప్రధాని దాన్ని భారత విజయంగా పేర్కొంటే, బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వ సలహాదారు ఆసిఫ్ నజ్రుల్ అభ్యంతరం చెప్పారు. విజయం తమదని, భారత్ మిత్రపక్షం మాత్రమేనని ఆయన వాదన.

ఇందులో కుట్ర ఏమీ లేదు. ఉన్నదల్లా అంకగణితం. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో నేపాల్‌కూ ఒక ఓటే, భారత్‌కూ ఒక ఓటే. నెట్‌లో తలలే లెక్క. ఒకవైపు 3 కోట్ల మంది, మరోవైపు 140 కోట్లకు పైగా జనం. 2020 ఆగస్టులో భారత విదేశాంగ మంత్రి బుద్ధుణ్ణి గొప్ప భారతీయుల్లో ఒకరిగా పేర్కొంటే ఖాట్మండు అభ్యంతరం చెప్పింది. బుద్ధుడు పుట్టిన లుంబిని నేపాల్‌లోనే ఉందని ఢిల్లీ వివరణ ఇచ్చింది. ప్రభుత్వాల మధ్య తేలిపోయిన ఆ సంగతి నెట్‌లో మాత్రం తేలదు. అక్కడ లుంబిని గురించిన చర్చలో కూడా నేపాలీలు మైనారిటీయే.

ఎక్కువమంది ఉన్నచోట తమ అభిప్రాయం అభిప్రాయంలా కనిపించదు, నిజంలా కనిపిస్తుంది. ఢిల్లీ చానెళ్లలో దక్షిణాది వార్తలకు చోటు లేదని విసుక్కునే తెలుగువారికి ఆ బాధ తెలుసు. వారు గమనించనిది ఒక్కటే. ఖాట్మండు నుంచో ఢాకా నుంచో చూస్తే హైదరాబాద్ కూడా ఢిల్లీలాగే కనిపిస్తుంది.