పావగడ హోటల్లో మా పాప

శ్రావణ శనివారం శనిమహాత్ముని దర్శనానికని పిల్లలతో సోలాపూర్ నుంచి పావగడ పోయినాం. రైల్లో హిందూపురం దిగి, అక్కడ బస్సెక్కినాం. ఊరు కర్ణాటకలో తుమకూరు జిల్లాది; తాలూకాకు మూడు పక్కలా మాత్రం ఆంధ్రే.

వరుసలో నిలబడి దర్శనమయ్యేసరికి చిన్నోడు ఆకలికి ఏడుపు. పిల్లలతో పోయేవాళ్లు ముందే టిఫిన్ పెట్టించి వరుసలో నిలబడండి.

హోటల్లో కూర్చున్నాం. బోర్డంతా కన్నడం. సోలాపూర్లో మాకు ఇంట్లో తెలుగు, హోటల్లో మరాఠీ. అందుకే మా ఆరేళ్ల పాప నా చెవిలో, "నాన్నా, ఇక్కడ ఏ భాషలో అడగాల?" అంది. అంతలో సప్లయరు వచ్చి, "ఏం కావల్ల పాపా?" అన్నాడు.

"నాకు ఇడ్లీ! తమ్మునికి కారం లేకుండా!" హోటలంతా వినబడేలా చెప్పింది. మేం సంగటి చెప్పుకున్నాం. కన్నడంలో దాన్నే ముద్దె అంటారని సప్లయరు పాపకు చెప్పినాడు. చిన్నోడు నీళ్లగ్లాసు ఒలకబోస్తే, "పర్వాలేదు లేన్నా" అని తుడిచిపోయినాడు.

సోలాపూర్ హోటల్లో పాప తెలుగులో గట్టిగా మాట్లాడితే, "మెల్లగా" అని గదమాయించింది నేనే. అందుకే అది గుసగుసగా అడిగింది. ఇక గదమాయించను.