ఊరి నడుమ నది.. ఒడ్డున సైకిలు బాట!

ముందు చక్రం కింద చెట్టు వేరు. అది దాటేలోపే నున్నటి గ్రానైట్ బండ. పక్కనే ఏటవాలుగా లోయ, దాని అడుగున రైలు పట్టాలు, ఆవల హోరెత్తే నది. ఏ అడవిలోనో అనుకుంటున్నారా? కానే కాదు. ఆకుల సందుల్లోంచి తొంగిచూస్తే ఆఫీసుల ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ నడిబొడ్డు అది!

జేమ్స్ నది ఈ ఊరు దాటేటప్పుడు ఏడు మైళ్లలోనే వంద అడుగులకు పైగా కిందికి దిగుతుంది. ఒకప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చే పడవలు ఈ రాళ్లు దాటలేక ఆగిపోయేవి. ఆగినచోటే ఊరు వెలిసింది. 1972లో ఒడ్లను పార్కుగా మార్చారు. అందులో 280 ఎకరాల్లో ఎవరూ ఏమీ కట్టకుండా 2009లో శాశ్వత ఒప్పందమూ చేసుకున్నారు. నది కనిపించే స్థలమంటే ఎక్కడైనా బంగారమే కదా.. అందుకే ఆ జాగ్రత్త.

సైకిలు చుట్టు ట్రెడెగార్ దగ్గర మొదలవుతుంది. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యానికి ఫిరంగులు పోసిన ఇనుప కార్ఖానా అది. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. అక్కణ్నుంచి పెద్ద వంతెన కడుపు కింద మరో చిన్న వంతెన వేలాడుతుంటుంది. పైన కార్లు, కింద సైకిళ్లు! అది దిగితే బెల్ ఐల్ అనే లంక.

ఇప్పుడు పిల్లలు దుంగల మీద, రాళ్ల మీద సైకిలు విద్యలు నేర్చుకునే ఈ లంక 1862 నుంచి ఉత్తరాది సైనికులకు బందీఖానా. వేలమందిని ఆరుబయటే ఉంచారు. తలదాచుకోవడానికి చిరుగుల గుడారాలే. అవీ అందరికీ చాలలేదు. మంచు కురిసే చలికాలంలో ఆకలితో, రోగాలతో ఎందరో కన్నుమూశారు. చుట్టూ ఉన్న ప్రవాహమే వాళ్లకు జైలుగోడ. నేడు అదే నీళ్లలో కుర్రకారు రబ్బరు పడవలేసుకుని కేరింతలు కొడుతోంది.

లంక దాటి దక్షిణపు ఒడ్డుకు చేరితే అసలు పరీక్ష.. బటర్‌మిల్క్ ట్రెయిల్. పేరుకు మజ్జిగ బాటే గానీ చల్లగా సాగనివ్వదు! ఒక్క సైకిలు పట్టేంత వెడల్పు, ఎత్తుపల్లాలు, మెలికలు. లావు టైర్లు, కుదుపులు తట్టుకునే ఫోర్కు, తలకు హెల్మెట్ తప్పనిసరి. నడిచేవాళ్లు ఎదురైతే సైకిలే ఆగాలి.

ఇంకో కట్టుబాటూ ఉంది. వాన పడితే ఎవరూ ఈ బాట తొక్కకూడదు. తడిమట్టిలో టైరు గాడి పడితే మరుసటి వానకు అదే కాలువవుతుంది. మట్టి కోసుకుపోయి నదిలో కలుస్తుంది. ఆ గాళ్లు పూడ్చేది ఎక్కువగా సైకిలు వీరులే. సెలవురోజున పలుగూ పారా పట్టుకొస్తారు. అందుకే తడిబాట తొక్కినవాణ్ని చూస్తే వాళ్లకు ఒళ్లు మండుతుంది మరి!

వాన పడితే నదిలో దిగడమూ ప్రమాదమే. ఊళ్లోని పాతకాలపు గొట్టాల్లో వాననీరు, మురుగు కలిసే పారతాయి. కుండపోత కురిస్తే పొంగి జేమ్స్‌లోకి చేరతాయి. 2035 కల్లా దీన్ని సరిచేయాలని 2020లో చట్టం తెచ్చారు.

మధ్యలో ఫారెస్ట్ హిల్ పార్కును కూడా చుట్టొస్తే మొత్తం పది మైళ్లకు అటూ ఇటూ. ఆపై నికెల్ బ్రిడ్జి మీదుగా నది దాటాలి. ఒకప్పుడు ఐదు సెంట్ల టోలు వసూలు చేసేవారట, ఆ నాణెం పేరే వంతెనకు స్థిరపడింది. అటుపక్క నార్త్ బ్యాంక్ ట్రెయిల్‌లో మళ్లీ మెలికలు. ఇద్దరు మాజీ అధ్యక్షులు మన్రో, టైలర్ నిద్రిస్తున్న హాలీవుడ్ శ్మశానవాటిక పక్కగా సాగి బాట ట్రెడెగార్ చేరుతుంది.

రిచ్‌మండ్ శివార్లలోని షార్ట్ పంప్, గ్లెన్ ఆలెన్‌లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు సైకిలెక్కనక్కర్లేదు. వేలాడే వంతెన మీద నడుచుకుంటూ లంకకు వెళ్లి, ఉత్తరం వైపు బండల మీద కూర్చుంటే చాలు. కొడుకో కోడలో చుట్టు ముగించి బురదకాళ్లతో వచ్చేదాకా.. ఎదురుగా సుడుల్లో పల్టీలు కొట్టే పడవలు చూస్తూ కాలక్షేపం చేయొచ్చు.