జేబులోని భోషాణము

మా నాయనగారు మూడువందల క్యాసెట్లు విడిచి వెళ్లిరి. నెల్లూరిలోని మా యింట రేడియో ముందర టేపురికార్డరు నుంచి, విజయవాడ కేంద్రమువారి భక్తిరంజనియు, ఘంటసాలవారి పద్యములును, హరికథలును ఆయన పట్టియుంచినవి. ఒక్కొక్కటి గంటసేపు నడచును. వెరసి 300 గంటలు. ఉద్యోగమునకై చెన్నపట్టణము వచ్చినపుడు రెండు ట్రంకుపెట్టెలలో వానిని తెచ్చుకొంటిని. అద్దె యింట మంచముక్రింద తప్ప వానికి చోటు దొరకలేదు. బూజు పట్టకమునుపే అన్నిటిని జేబులో నిముడు పాటల యంత్రములోనికి ఎక్కింపవలెనని సంకల్పించితిని.

యంత్రమును రిచీ వీథిలో కొంటిని. అది 32 గిగాబైట్లకు మించిన కార్డును గుర్తింపదు. తెలుగు పండితునకు లెక్కలు రావందురు గాని, ఈ లెక్క వేయక తప్పినది కాదు. ఎంపీత్రీ పద్ధతిలో సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదించినచో నిమిషమునకు ఇంచుమించు ఒక మెగాబైటు; కార్డున 550 గంటలు పట్టును. 320 చొప్పున నుంచినచో నాదము నిండుగా నుండును గాని, 220 గంటలకే కార్డు నిండిపోవును. నాకు కావలసినవి 300. నాదమును తగ్గించుటయా, పాటలను తగ్గించుటయా?

ఈ యిరుకు నేటిది కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినపుడు పళ్లెమున మూడు నిమిషములు పట్టుటయే గగనము. పిమ్మట ఏబదియేండ్లవరకు మన గాయకులు గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆ కొద్దిపాటి చోటనే ముడిచి పెట్టిరి. అన్నమాచార్యులవారి సంకీర్తనములు 32 వేలని ప్రతీతి (నా కార్డు సంఖ్యయు అదియే యగుట నాకు నవ్వు తెప్పించినది). తిరుమల రాగిరేకులపై మనకు దక్కినవి సగమునకు తక్కువ. ఆ రేకులు పదమును, రాగముపేరును మోసినవి; వరుసను మోయలేకపోయినవి.

నేను నాదమునే నమ్మితిని. రెండుమారులు వచ్చిన పాటలను తీసివేసితిని. పాటకు పాటకు నడుమనున్న ఖాళీలను, ప్రకటనలను, బుసబుసలను కత్తిరించితిని. నెలలు పట్టినది. తీరా చూడగా ఆ యంత్రమునకు తెలుగు లిపి రాదు! పేర్లన్నియు చదరపు గడులై కనబడెను. తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను, పోతన పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొంటిని. అయినను దానిని తరగతికి తీసికొనిపోయి పద్యములు వినిపించితిని. ఇంట తెలుగు మాటలాడుచు, వీథిలో తమిళము మాటలాడు మా పిల్లలు పద్యము విని తల లూపుట చూచి పొంగిపోయితిని.

సంక్రాంతికి మా చెల్లెలు వచ్చినది. ఒక హరికథ వినుచు చటుక్కున అడిగినది:

"అన్నా, ఇక్కడ అమ్మ గొంతు వినపడాలే, ఏది?"

నాకు గుండె జల్లుమన్నది. నాయనగారు రికార్డు చేయుచుండగా వంటయింటినుండి అమ్మ పిలిచెడిది. బుసబుసలతోపాటు దానినిగూడ కత్తిరించితిని. అమ్మ పోయి తొమ్మిదేండ్లైనది. ఆమె గొంతు మరెక్కడను లేదు.

క్యాసెట్లను పారవేయకుండుట నా యదృష్టము. మంచముక్రిందినుండి పెట్టెలు లాగి, మూడు సాయంత్రములు వెదకితిమి. "ఏమండీ, పాలు పొంగిపోతా ఉండాయి" అను కేక, వెంటనే గిన్నె దింపిన చప్పుడు, నాయనగారి నవ్వు. పదునేడు సెకనులు, ముప్పాతిక మెగాబైటుకూడ కాదు.

కార్డున ఆ మాత్రము చోటును లేదు. నాకు కంఠస్థమైన పద్యమొకటి తీసివేసి, అచట దానిని ఉంచితిని. ఆ పద్యమును ఇప్పుడు తరగతిలో నేనే చదువుచున్నాను.