మా వంశవృక్షమున వలందావారు

మా పాఠశాల బాలురలో కొందరు తపాలా బిళ్లలను, కొందరు పాత నాణెములను కూర్చుదురు. మేము తాతముత్తాతల పేర్లను కూర్చుచున్నాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో పట్టిన యీ వ్యసనము ఇరువది యేండ్లు దాటినను మమ్ము విడువలేదు. సెలవులు వచ్చినప్పుడెల్ల కర్నూలు, కడప మండలములలోని పల్లెలకు బోయి, ముసలివారి యొద్ద కూర్చుండి వారు చెప్పినది వ్రాసికొందుము. పాత గుడుల పట్టీలు విప్పి చూతుము. సమాధులమీది మన్ను తుడిచి అక్షరములు చదువుదుము. మా యింటివారు దీనిని వెఱ్ఱి యందురు. ప్రయాణపు ఖర్చులు లెక్కించినచో వారి మాటలో న్యాయము లేకపోలేదు.

ఈ వెదకులాటకు మూలము మా మేనమామగారు. మా తల్లివైపువారు వలందావారి సంతతియని ఆయన ప్రతి పెండ్లిలోను చెప్పుదురు. వలందావారనగా హాలండు దేశస్థులైన డచ్చివారు. మా మాతామహుని తాత బందరునుండి ఒక దొరగారి వెంట వంటవాడుగా కడపకు వచ్చెననియు, ఆయనవి పిల్లికన్నులనియు, ఇంటిపేరులోనే వలందా యను మాట కలదనియు మామగారి సాక్ష్యములు. పిల్లికన్నులు మామగారికిని కలవు. కావున ఆ కథ ఆయనకు ప్రతి ఉదయము అద్దములో రుజువగుచుండును.

కథ అసంభవమైనది కాదు. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. 1613లో పులికాటున గెల్డ్రియా యను కోటను ముగించిరి. భీమునిపట్టణము, పాలకొల్లు మొదలగు చోట్ల నివసించి రెండువందల యేండ్లు మన నేతగాండ్రయొద్ద బట్టలు కొనిరి. 1824 నాటి సంధి ననుసరించి 1825లో ఆ తావులు ఇంగ్లీషువారి వశమయ్యెను. బందరులోని వారి సమాధులను మేము వెళ్లి చూచితిమి. పెద్ద రాతిపలకలమీద వంశచిహ్నములు, పేరు, మరణదినము లోతుగా చెక్కబడి యున్నవి. ఎండకు వానకు ఓర్చి నేటికిని చదువ వీలగుచున్నవి. 1897లో అలెగ్జాండర్ రే దొర యీ డచ్చి కట్టడములనుగూర్చి ఒక గ్రంథమును, 1905లో కాటన్ దొర చెన్నపురి రాజధానిలోని సమాధి శాసనముల పట్టికను ప్రకటించిరి. ఆ రెంటిలోను మా వంటవాని జాడ లేదు.

ఆ జాతివారి వ్రాత యలవాటు మాత్రము మమ్ము ఆశ్చర్యపరచినది. వారి ఈస్టిండియా కంపెనీ 1799తో అంతరించినను, 18వ శతాబ్దపు ఓడల జీతపు పుస్తకములు వేలకొలది హేగు నగరములోని దస్తావేజుల శాలలో నిలిచి యున్నవి. ఒక్కొక్క నావికుని స్వగ్రామమేది, ఏ యోడ నెక్కెను, కొలువు ఎట్లు ముగిసెను అను సంగతులన్నియు అందు కలవు. చచ్చినవాడే కాక పారిపోయినవాడును పుస్తకమున నున్నాడు! ఇట్టి జనులలో సైతము 1811కు పూర్వము సామాన్యులనేకులకు స్థిరమైన ఇంటిపేరు లేదు. యాన్ కొడుకు పీటరు అని తండ్రిపేరుతో పిలుచుకొనిరి. నెపోలియను ఏలుబడిలో జనన మరణముల పట్టీలు వచ్చినప్పుడు అందరును ఇంటిపేరు వ్రాయింపవలసి వచ్చెను.

మా కథ తేలినది మాత్రము హేగులో గాదు, కడప మండలములోని ఒక గుడి వివాహపు పట్టీలో. అందు మా వంటవాని యింటిపేరు వలందపాలెపు అని స్పష్టముగా నున్నది. బందరులో ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యున్నట్లే వలందపాలెమును కలదు. పూర్వము డచ్చివారున్న పేట యది. ఊరిపేరు ఇంటిపేరగుట మనలో సామాన్యము. పిల్లికన్నుల మాట కాదనుటకు మాకు అధికారము లేదు గాని, ఇంటిపేరు మాత్రము పేటను చెప్పుచున్నదే కాని నెత్తురును చెప్పుట లేదు. మామగారు పట్టీ నకలు రెండుమారులు చదివి, "అల్లుడా, దొరను చూపుమంటిని, నీవు వీధిని చూపితివి" అనిరి.

తండ్రివైపు సంగతి వేరు. అచ్చట చెప్పుకొను కథయే లేదు. రెడ్లకు పిచ్చుకగుంట్లవారు గోత్రములు, ఇంటిపేర్లు చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు కులకథ చెప్పుదురు. మా వారు క్రైస్తవులైన పిదప మా గడపకు అట్టివారెవరును రాలేదు. మెకంజీ దొర కాలమున వ్రాయబడిన కైఫియత్తులను కడపలోని సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమువారు అచ్చువేయించిరి. వానిలో మా పల్లెలవంటి వాని చెరువులు, దేవళములు, కరణముల వంశములు కలవు. చేనిలో పాటుచేసినవారి పేర్ల కచ్చట చోటులేదు.

మా తాతగారి అవ్వ పేరు మాకు బాప్తిస్మపు పట్టీలోనే దొరకినది. ఆ పుటలు ధాత కరువు నాటివి. 1876 మొదలు 1878 వరకు నడచిన ఆ క్షామమున కర్నూలు మండలము పడిన బాధ ఇంతింత కాదు. 1871 జనాభా లెక్కలో 9,14,432 మంది యున్న మండలమున 1881లో 6,78,551 మంది మాత్రమే యుండిరి. పట్టీలో ఆమె పేరు, సుమారు వయస్సు అయిదేండ్లని యున్నవి. తండ్రి గడిలో "తెలియదు". తల్లి గడిలో "తెలియదు". ఊరి గడిలో "కరువు పిల్ల".

ఆమె పెరిగి బైబిలు స్త్రీగా పల్లెలు తిరిగినది. మా తాతగారికి ఇసుకలో ఓనమాలు దిద్దించినది ఆమెయే. ప్రతిదినము పొయ్యి ముట్టింపకముందు పిడికెడు కొర్రలు తీసి వేరొక కుండలో వేసెడిదనియు, ఆ కుండ ఏనాడును అడుగంటనీయలేదనియు తాతగారు చెప్పెడివారు. కారణము అడిగినచో నవ్వి ఊరకుండెడిదట.

వంశవృక్షపు పటము వ్రాయుచుండగా మా పెదనాయనగారు వచ్చి చూచిరి. "అబ్బీ, అవ్వ పేరు వ్రాయుము. తెలియదు అను గడులెందుకు? రేపు ఆడపిల్లలకు సంబంధములు చూడవలదా? కులమడుగుదురు గదా" అనిరి. ఆయన భయము నిజమైనదే. క్రైస్తవులలో ఆ ప్రశ్న అడుగువారు లేరని మేము చెప్పలేకపోతిమి. "పెదనాయనా, ఆ గడులు తీసివేసినచో ఆమె ఎచ్చటినుండియో దిగివచ్చినట్లుండును" అని మాత్రము చెప్పితిమి. ఆయన కోపముతో రెండు నెలలు మా యింటికి రాలేదు. గడులు అట్లే యున్నవి.

ఆ పటము నెదుట నుంచుకొని చదివినప్పుడు డచ్చివారి చరిత్రలోని మరియొక భాగము మాకు వేరుగా కనబడినది. 17వ శతాబ్దపు కరువులలో వారు పులికాటు రేవున ఆకటితోనున్న జనులను బానిసలుగా కొని బటేవియాకు పంపిరి. కోరమాండలు తీరమునుండి కొందరు దక్షిణాఫ్రికాలోని కేపునకును చేరిరి. అచ్చటి పుస్తకములలో వారికి క్రొత్తగా పెట్టిన పేరు ప్రక్కన తండ్రిపేరు లేదు, రేవు పేరో తీరము పేరో యున్నది. నేడు డచ్చి యింటిపేర్లు గల కుటుంబములు తమ పూర్వులను వెదకుచు పోగా, కొన్నిట అట్టి స్త్రీ యొకతె వంశపు మొదట నిలిచి యుండుట కలదు. ఆమె తల్లిదండ్రుల గడులును ఖాళీయే.

ఆ బాప్తిస్మపు పట్టీలో కరువు పిల్లలని వ్రాయబడినవారు మరి పలువురు కలరు. పుటల అంచులు చెదలు తినుచున్నవి. ఈ వేసవిలో కూర్చుండి అన్నిటికిని నకలు వ్రాసికొనుటకు గురువుగారు సెలవిచ్చిరి. చక్కని దస్తూరి గల పై తరగతి బాలబాలికలలో నలుగురు తోడు వచ్చినచో పదిదినములలో ముగియును. మధ్యాహ్నభోజనము మా యింటిలోనే.