మారిషస్ నుండి చెల్లెలికి

పోర్ట్ లూయిస్,
సోమవారము రాత్రి

చి. సౌ. చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

నేను క్షేమము. నీవు కట్టియిచ్చిన ఆవకాయ సీసా మూత వదులై, ఉతికి మడతపెట్టిన నా పంచెలన్నిటికిని తన రంగు పులిమినది. అయినను ఊరుగాని ఊరిలో పెట్టె తెరువగానే మన ఇంటి వాసన ముఖాన కొట్టినది గనుక నిన్ను తిట్టుటకు మనసొప్పలేదు.

బావగారి సిద్ధాంతము నీకు కంఠతా వచ్చినదే గదా: మతము కొండను, ఏటిని, గుడిని అంటిపెట్టుకొని పుట్టినచోటనే యుండునట, భాష నాలుక మీద కూర్చుండి మనిషి పోయిన చోటికెల్ల పోవునట. ఉద్యోగమంతయు భూగోళశాస్త్రము చెప్పుటలోనే గడిపినవారి మాట కాదనుట ఎట్లని ఇంతవరకు ఊరకుంటిని. నేటి సాయంకాలము ఒక టాక్సీవాడు నాకు ధైర్యమిచ్చినాడు.

ఇచటి టాక్సీలలో మీటరు వేయు అలవాటు అంతగా లేదు. ముందే బేరము కుదుర్చుకొనవలెను. నాలుగు వందల రూపాయలకు ఒప్పుకొన్నవాడు బస ముందర దింపి, సామాను పేరు చెప్పి, చీకటి పేరు చెప్పి, ఏడు వందలు అడిగినాడు. నేను ఇంగ్లీషులో, అతడు ఇచటివారి క్రియోలు భాషలో, ఒకరి మాట ఒకరికి తెలియకుండగనే చాలసేపు హోరాహోరీగా పోరాడితిమి. ఇంతలో అద్దము ముందర అంటించిన చిన్న పటము నా కంటబడినది: చందనపు ముద్దలో మునిగియున్న మన సింహాద్రి అప్పన్న! ఇక నాకేమి భయమని తెలుగులో అందుకొంటిని. అతడు గుండెపై చేయి వేసికొని తానును తెలుగువాడనే అని క్రియోలులో చెప్పినాడు గాని, నేను పలికిన తెలుగులో ఒక్క ముక్కయు అతనికి బోధపడలేదు. చుట్టరికము కలిసినది, మూడు వందలు మాత్రము తగ్గలేదు.

గదిలోనికి వచ్చి మిగిలిన నోట్లు తిప్పి చూచితిని. ఇంగ్లీషుతో పాటు తమిళము, హిందీ అక్షరములు వాని మీద కలవు, తెలుగు లేదు. 1998లో అచ్చయిన నోట్లలో తమిళముకంటె హిందీని ముందు నిలిపినారని తమిళులు ఆగ్రహింపగా, ప్రభుత్వము ఆ నోట్లను వెనుకకు తీసికొని మరల అచ్చొత్తించవలసివచ్చినదట. వాడుక తగ్గినకొలది లిపికి పరువు పెరుగునేమో!

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదో వ్రాయుము.

అన్నయ్య

*

కూర్‌పీప్,
గురువారము

చెల్లెమ్మా,

ఈ మెట్ట ఊరిలో దిగినది మొదలు వాన విడువలేదు. ముక్కు కారుచున్నది, గొంతు పట్టినది; మిరియాల చారు పెట్టు దిక్కులేక దుప్పటి కప్పుకొని వ్రాయుచున్నాను. సముద్రము, పగడపు దిబ్బలు చూచితిని, బాగున్నవి.

చూడవలసినదెల్ల పోర్ట్ లూయిస్ బజారు వీధిలో ఒక ధాల్‌పురి బండి. ఉడికించిన శనగపప్పును పొడిచేసి, పసుపు, జీలకర్ర కలిపి, పిండి ముద్దలో కూరి, కాగితమంత పలుచగా వత్తి పెనము మీద కాల్చుదురు. బెల్లము మరచిన బొబ్బట్టు అనుకొనుము. జంటగా ఇచ్చుట ఆచారము. చిక్కుడు గింజల కూర, టొమాటో రుగాయ్, పచ్చిమిరప పచ్చడి రాచి, చుట్టచుట్టి, కాగితములో పెట్టి చేతికిత్తురు. బండివాడు నా ముఖము చూచి పచ్చడి తగ్గించబోయినాడు. ఆవకాయ తిని పెరిగినవానికి అంతకంటె అవమానమున్నదా? మెడలో సిలువ గల క్రియోలు కూలి, తలపై ముసుగు వేసికొన్న ముస్లిము ఇల్లాలు, చీనా దుకాణదారు నాతోపాటు వరుసలో నిలిచిరి. వారి దేవుళ్ళు వేరు, పండుగలు వేరు. తిండియు, బేరమాడు భాషయు ఒక్కటే.

తిండి బిహారుది. 1834 మొదలుకొని ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరముల వరకు చెఱకు తోటలకు ఒడంబడిక కూలీలుగా దాదాపు 4,50,000 మంది భారతీయులు ఇచట దిగినారు. అందధికులు భోజ్‌పురీ మాటలాడువారు. కోరంగి మొదలగు రేవులలో ఓడయెక్కి వచ్చిన మనవారు వారిలో కొద్దిమంది. తోటలో పక్కవానితో పలుకవలెనన్న భోజ్‌పురీ, బజారులో పలుకవలెనన్న క్రియోలు తప్పలేదు. పాలకుల సంగతియు విచిత్రమే: 1810లో ఫ్రెంచివారిని గెలిచిన ఇంగ్లీషువారు, ఇచటివారి మతమును, చట్టములను, ఆచారములను ముట్టమని లొంగుబాటు పత్రములోనే మాట ఇచ్చిరి. అందుచేత నేటికిని కచేరి ఇంగ్లీషుది, వార్తాపత్రిక ఫ్రెంచిది, వీధి క్రియోలుది. తెలుగునకు మిగిలినది పూజగది.

తుమ్ములు ఆగుటలేదు. ఇంటికి వచ్చివేయవలెనని ఉన్నది.

అన్నయ్య

*

రోజ్‌హిల్,
ఆదివారము ఉదయము

చెల్లెమ్మా,

ఎండ కాసినది, జలుబు పోయినది, గురువారపు ఉత్తరములోని ఏడుపును అమ్మకు చదివి వినిపించకుము.

రాత్రి ఒకరింట రామభజనము. నడుమ దీపము నిలిపి, దాని చుట్టును ఆడుచు పాడుచు తెల్లవారుజాము వరకు తిరిగినారు. పాటలన్నియు తెలుగే, పుస్తకము మాత్రము రోమను లిపిలో, ఫ్రెంచి వ్రాత పద్ధతిని అనుసరించి యున్నది. తాళము తప్పక పాడిన ముసలమ్మను ఒక చరణమునకు అర్థమడిగితిని. కొంగు నోటికడ్డము పెట్టుకొని, అది రామునికి తెలియునని క్రియోలులో పలికి, మనుమరాలి చేత నాకు ఇంగ్లీషులో చెప్పించినది! ఉగాదికి ఇచట దేశమంతటికిని సెలవు. బడులలో తెలుగు నేర్పుదురు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఈ ద్వీపముననే. జనాభా లెక్కలలో మతమేదన్నచో ‘తెలుగు’ అని వ్రాయించుకొనువారును కలరట.

బావగారికి సగము మార్కులు వేయవచ్చును. దేవుడు ఓడయెక్కి వచ్చినాడు గాని నేల లేక నిలువలేదు. కొండ మీది ఒక చెరువులో 1972లో గంగాజలము కలిపి దానిని గంగా తలావుగా చేసికొన్న పిమ్మటగాని ఇచటివారికి తృప్తి కలుగలేదు. భాషకు చెరువుతో పనిలేదు, బదులు పలుకువాడు కావలెను. దేవుడు బదులు పలుకకున్నను పూజ సాగును. పక్కవాడు బదులు పలుకనిచో మాట సాగదు. మతము మిగిలి భాష జారిపోవుటకు కారణమింతే అని నాకు తోచుచున్నది.

ఈ ముక్క బావగారు పేపరు చదువుచున్న వేళ గట్టిగా చదువుము. ఎప్పటివలె ‘ఊఁ’ అని ఊరకున్నచో, తెలుగునకు ఆపద మారిషస్‌లో కంటె మీ వసారాలోనే ఎక్కువగా నున్నదని అన్నయ్య వ్రాసినాడని చెప్పుము. నీవడిగిన సెంటుసీసా కొంటిని. దీనికిని మూత వదులే.

ఇట్లు,
అన్నయ్య